బందరు బాట – 7వ భాగం: హయత్ బక్షీ బేగం

పోయిన భాగంలో పాలమూరు గడ్డ మీద, కోయిలకొండ కోట దగ్గర ఆగాం. గోల్కొండ గద్దె మీదున్న అన్న జంషీద్‌కు భయపడి విజయనగరంలో ఏడేళ్ళు తలదాచుకున్న ఇబ్రహీం, 1550లో ఆ అన్న కన్నుమూయగానే వెనక్కి వచ్చాడు. కోట కాపలాకు ఉన్న నాయకవాడీలు అతని పక్షాన నిలబడతామని ఒట్టు పెట్టుకుని ఆ మాటను రాతి మీద చెక్కించారు. భువనగిరి కోటలో బందీగా ఉన్న ఇంకో సోదరుడు దౌలత్‌ను గద్దెనెక్కించాలని మొదట ఎత్తు వేసిన సేనాని జగదేవరావు కూడా చివరికి ఇబ్రహీం వైపే తిరిగాడు. ఆ ఇబ్రహీం తెలుగు కవుల నోట మల్కిభరాముడయ్యాడు. అతని కొడుకు ముహమ్మద్ కులీ 1591లో చార్మినార్ కట్టించేదాకా చెప్పుకున్నాం. ఈసారి కథ ఆ ముహమ్మద్ కులీ ఒక్కగానొక్క కూతురిది.

ఆమె పేరు మనకు తెలియనిది కాదు. ఎల్బీనగర్ దాటి విజయవాడ దారి పట్టినవాళ్ళంతా ఆ పేరు బస్సు బోర్డు మీద చదివినవాళ్ళే. నల్లగొండ, సూర్యాపేట వైపు నుంచి నగరానికి వచ్చేవాళ్ళకు హయత్‌నగర్ వచ్చిందంటే ఊరొచ్చినట్టే లెక్క, సంచులు సర్దుకోవడం మొదలుపెడతారు. డిపో, దుకాణాలు, ఫ్లెక్సీలు, వాహనాల రద్దీ నడుమ ఆ ఊరికో పాత మసీదు ఉందని, ఆ మసీదు చుట్టూ బాటసారుల కోసం కట్టిన గదుల వరస ఉందని, పక్కనే ఏనుగులు నీళ్ళు తాగేంత పెద్ద మెట్లబావి ఉందని ఎందరికి తెలుసు? ఆ బావిని హాథీ బౌలి అంటారు. ఇవన్నీ ఒక ఆడమనిషి పేరు మీద వెలసినవి. ముహమ్మద్ కులీ ప్రియురాలని చెప్పుకునే భాగమతి అసలు ఉందా లేదా అని చరిత్ర పుస్తకాలు వందేళ్ళుగా వాదించుకుంటూనే ఉన్నాయి. సందేహానికి తావు లేకుండా ఉండి, రాజ్యాన్ని నలభై ఏళ్ళ పాటు ఒక కంట కనిపెట్టుకున్న ఆమె కూతురికి మాత్రం (భాగమతి కూతురని చెప్పేవాళ్ళ మాటే తీసుకుంటే) ఆ పుస్తకాల్లో ఒకటి రెండు పేరాలకు మించి చోటు దొరకదు. నాకు ఇది ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది.

పేరు ఎక్కడిది?

కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ వైపు నుంచి వచ్చిన తుర్కమాన్. ఆ ఇంట్లో మగవాళ్ళ పేర్లలో తుర్కీ వాసన, అరబ్బీ వాసన చాలాకాలం పోలేదు. దర్బారు భాష మాత్రం ఫారసీ. ముహమ్మద్ కులీ కాలానికి ఆ ఫారసీ ఇంకా చిక్కబడింది. 1581లో ఇరాన్‌లోని అస్తరాబాద్ నుంచి వచ్చిన మీర్ ముహమ్మద్ మోమిన్ పీష్వాగా, అంటే ప్రధానమంత్రిగా, కూర్చున్నాడు. కొత్త నగరానికి గీత గీసింది ఆయనే. కవులు, వైద్యులు, లెక్కలు రాసేవాళ్ళు, గుర్రాల బేరగాళ్ళు ఓడల మీద బందరులో దిగి, మన నల్లగొండ మెట్టల మీదుగా గోల్కొండకు నడిచి వచ్చేవారు. సరుకుతో పాటే పేర్లూ ఆ దారినే వచ్చాయి.

హయాత్ అంటే ప్రాణం, బతుకు. ఈ మాట అరబ్బీది. బఖ్ష్ అచ్చమైన ఫారసీ. ‘బఖ్షీదన్’ అంటే ఇవ్వడం, దయచేయడం, మన్నించడం. ఒక నామపదానికి క్రియ మొదలును అతికించి పేరు చేయడం ఫారసీ పద్ధతి. రెండూ కలిపితే ప్రాణం పోసేది అని అర్థం. పెళ్ళిలో డప్పు కొట్టినవాళ్ళు అడిగే బక్షీసు కూడా ఆ క్రియకు పుట్టినదే. మన ఊళ్ళలో ఖుదాబక్షు, పీర్‌బక్షు అనే మగవాళ్ళు ఉంటారు. అక్కడ అర్థం తిరగబడుతుంది, వాళ్ళు దేవుడో పీరో ఇచ్చిన బిడ్డలు. ఈ అమ్మాయి మాత్రం తానే ఇచ్చేది. ఫారసీలో ఆడ మగ తేడా చూపే ప్రత్యయాలు లేవు కనుక ఇలాంటి పేరు ఎవరికైనా, దేనికైనా పెట్టవచ్చు. షాజహాన్ ఢిల్లీ ఎర్రకోటలో వేయించిన తోట పేరు కూడా హయాత్ బఖ్షే. మనిషి ఆడదని తెలియాలంటే వెనక బేగం చేరాలి. ఆ బేగం మళ్ళీ తుర్కీ మాట. అలా ఒక్క పేరులో మూడు భాషలు చేరాయి. పుట్టిన పిల్ల నాలుగో భాష చెవిన పడే ఊళ్ళో పెరిగింది.

ఇప్పటికీ నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో బడి హాజరుపట్టీ తిరగేస్తే ఫారసీ ఆడపేర్లకు కరువుండదు. పర్వీన్ అంటే ఆకాశంలో కనిపించే కృత్తికల గుంపు. నస్రీన్ అడవి గులాబీ, షబ్నం మంచుబిందువు, షిరీన్ తీయనిది. ఫాతిమా, ఆయిషా, జైనబ్ వంటివి మతం వెంట వచ్చిన అరబ్బీ పేర్లు. ఇవేమో దర్బారు, తోట, కవిత్వం వెంట వచ్చినవి. తేడా పట్టించుకునేవాళ్ళు ఇప్పుడు తక్కువే, పట్టించుకోవలసిన పనీ లేదు. మహబూబ్‌నగర్ అన్న ఊరి పేరు సంగతికి వస్తే, పాలమూరుకు ఆ పేరు 1890లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ మీదుగా వచ్చింది. అది అరబ్బీ. పైగా మగపేరు. రాజుల పేర్ల మీద ఊళ్ళు వెలవడం మామూలే. ఆడవాళ్ళ పేర్ల మీద వెలసి, నిలిచినవి తక్కువ.

ఇంకో ముచ్చట. ముహమ్మద్ కులీ స్వయంగా దక్కనీ కవి. తన ప్రియురాళ్ళ మీద పాటలు కట్టాడు. వాళ్ళ పేర్లు చూడండి: నన్హీ, సావ్లీ, గోరీ, ఛబీలీ, రంగీలీ. చిన్నది, చామనఛాయది, తెల్లనిది, సొగసుది, వన్నెలది. అన్నీ ఇక్కడి పేర్లు, ముద్దుపేర్లు. కూతురికి వచ్చేసరికి మాత్రం ఇరాన్ దర్బారులో చదివినా తడబడని గంభీరమైన పేరు వెతికాడు. మనసుకు నచ్చినవాళ్ళను పిలవడానికి ఇంటి భాష, వంశం నిలబెట్టాల్సిన పిల్లకు రాజభాష. కవి అయినా తండ్రి తండ్రే, సుల్తాను సుల్తానే.

ఇరాన్ పిలుపు

ఆ పేరు ఇరాన్ దాకా వినిపించింది కూడా. 1603లో షా అబ్బాస్ పంపిన రాయబారి గోల్కొండకు వచ్చాడు. కెంపులు పొదిగిన కిరీటం, మేలుజాతి గుర్రాలు, పట్టుబట్టలు వెంట తెచ్చాడు. మర్యాదలన్నీ అయ్యాక అసలు మాట బయటపడింది. హయత్ బక్షీని తమ రాకుమారుల్లో ఒకరికి ఇచ్చి చేయమని షా అడిగించాడని చరిత్రకారులు చెబుతారు.

ముహమ్మద్ కులీకి ఇది ఇబ్బందికరమైన గౌరవం. షియా మతం వాళ్ళకు ఇరాన్ షా పెద్దదిక్కు. మసీదు ఖుత్బాలో ఆయన పేరు చదివించే రాజ్యం ఇది. కాదంటే కోపం, అవునంటే వారసత్వమే సముద్రం దాటిపోతుంది. కొడుకుల్లేని సుల్తానుకు ఇంట్లోనూ పోరు తక్కువ లేదు. దర్బారులో రెండు జట్లు. ఇరాన్ నుంచి వచ్చి పెద్ద పదవులు పట్టిన ఆఫాఖీలు ఒక వైపు, తరతరాలుగా ఇక్కడే ఉన్న దక్కనీలు ఇంకో వైపు. సుల్తాను తమ్ముడు ఖుదాబందాను ముందు పెట్టి దక్కనీ జట్టు ఒకసారి తిరుగుబాటుకు కూడా దిగింది. అది విఫలమై ఖుదాబందా చెరలోనే పోయాడు.

రాయబారికి అవుననీ కాదనీ చెప్పకుండా ఆరేళ్ళు నడిపించారు. అతను ఊళ్ళోనే ఉండగా, 1607లో హయత్ బక్షీ పెళ్ళి జరిగిపోయింది. పెళ్ళికొడుకు ఇరాన్ రాకుమారుడు కాడు, సుల్తాను ఇంకో తమ్ముడి కొడుకు ముహమ్మద్. మీర్ మోమిన్ ఇరాన్‌వాడే అయినా ఈ సంబంధానికే మొగ్గాడు. పిల్ల ఇల్లు దాటలేదు, గద్దె వంశం దాటలేదు. విందులు తిని రాయబారి 1609లో సెలవు పుచ్చుకున్నాడు. ఆడపిల్ల పెళ్ళి పేరుతో ఒక రాజ్యం తన స్వతంత్రాన్ని కాపాడుకున్న తీరు ఇది. ఆ ఆడపిల్ల ఏమనుకుందో మాత్రం ఎవరూ రాయలేదు.

1612లో ముహమ్మద్ కులీ మరణించాడు. మీర్ మోమిన్ క్షణం ఆలస్యం చేయకుండా అల్లుణ్ణి గద్దెనెక్కించాడు. సుల్తాన్ ముహమ్మద్ మామలా పాటల మనిషి కాదు. నమాజు, గ్రంథాలు, కట్టడాలు అతని లోకం. 1617లో మక్కా మసీదుకు పునాది వేయించాడు. మామ రాసిన దక్కనీ కవిత్వాన్ని పోగుచేసి దీవానుగా కూర్పించింది కూడా తమ్ముడి కొడుకైన ఈ అల్లుడే. ప్రియురాళ్ళ పాటలున్న ఆ ప్రతిని అతను ఎంత ఓర్పుతో చదివి ఉంటాడో అనుకుంటే కాస్త నవ్వొస్తుంది.

మా సాహెబా

1614లో కొడుకు పుట్టాడు, అబ్దుల్లా. జోస్యులు ఒక మెలిక పెట్టారు. పన్నెండేళ్ళు నిండేదాకా తండ్రి ఈ బిడ్డ ముఖం చూడరాదన్నారు. చూడలేదు. అంటే పిల్లవాడి చదువు, నడత, తిండి, సేవకులు, గురువులు అన్నీ తల్లి చేతి మీదుగానే నడిచాయి. పన్నెండేళ్ళు నిండాయో లేదో, 1626లో తండ్రి పోయాడు. పన్నెండేళ్ళ పిల్లవాడు సుల్తానయ్యాడు. పరదా వెనక ఎవరున్నారో దర్బారుకు తెలుసు. అప్పటినుంచి ఆమె దర్బారుకు హయత్ బక్షీ కాదు, మా సాహెబా.

ఆమె మీద నగరంలో చెప్పుకునే కథ ఒకటుంది. దీన్ని జనశ్రుతిగానే చదవండి. బాల సుల్తాను మూరత్ అనే ఏనుగునెక్కి వెళుతుంటే దానికి మదమెక్కింది. మావటిని లెక్కచేయక అడవి దారి పట్టింది. రోజులు గడిచినా జాడ లేదు. అన్నం మూటలు కట్టించి, ఏనుగు తిరిగే చోట్ల చెట్ల కొమ్మలకు అందేలా వేలాడదీయించింది తల్లి. ఏనుగు కొమ్మ కిందికి వచ్చినప్పుడు పిల్లవాడు పైనుంచే తెంపుకుని తినాలని. బిడ్డ క్షేమంగా వస్తే ఏనుగు గొలుసంత బరువున్న బంగారు గొలుసు చేయించి హుసేనీ ఆలం అనే పీరుకు సమర్పిస్తానని మొక్కుకుంది. ఏనుగు శాంతించింది, బిడ్డ వచ్చాడు. ఆమె గొలుసు మోసుకుంటూ ఆలం దగ్గరికి నడిచి వెళ్ళి, దాన్ని ముక్కలు చేయించి పేదలకు పంచిపెట్టింది. ఏనుగు గొలుసును లంగర్ అంటారు. మొహర్రం అయిదో రోజున జరిగే లంగర్ ఊరేగింపుకు ఇదే మూలమని చెబుతారు. నిజాంల కాలంలో అది సైన్యాలు, గుర్రాలు, ఏనుగులతో నగరమంతా తిరిగే పెద్ద తమాషాగా మారింది. కథలో నిజమెంతైనా, జనం ఆమెను ఎలా తలచుకున్నారో అందులో ఉంది. చెట్టుకు అన్నం మూట కట్టించిన తల్లిగా తలచుకున్నారు, పట్టపురాణిగా కాదు.

ఇంకో జ్ఞాపకం రోజూ వేలమంది నోట నలుగుతోంది. ఆమె పేరు మీద ఒకప్పుడు ఉన్న చెరువు మా సాహెబా తలాబ్. నోళ్ళలో అరిగి అరిగి అది మాసాబ్ ట్యాంక్ అయింది.

బాట మీద అన్నం

ఇక మన బాట సంగతి. హయత్‌నగర్ గోల్కొండ నుంచి బందరుకు వెళ్ళే దారిలో తొలి మజిలీల్లో ఒకటి. ఆ కాలంలో ఈ దారిన నడిచిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే మజిలీల పట్టిక రాసుకున్నాడు. ఫ్రెంచి చెవికి వినిపించినట్టు రాసిన ఆ పేర్లను కాస్త ఓపిగ్గా చదివితే మన ఊళ్ళు పలుకుతాయి. హయత్‌నగర్ తర్వాత అతను రాసిన పటెంగీ మన పంతంగి. సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళు చౌటుప్పల్ దగ్గర టోల్‌గేట్‌లో గంటలు గంటలు ఇరుక్కుపోయేది అక్కడే. ఆ తర్వాతి పెంగ్యూల్ నల్లగొండ పక్కన ఉన్న పానగల్. కందూరు చోళుల నాటి ఉదయసముద్రం ఒడ్డున, ఛాయా సోమేశ్వరాలయం ఉన్న పానగల్. అటుపైన నాగులపాడు, లక్కవరం. అక్కడినుంచి కృష్ణ వైపు, కొల్లూరు వజ్రపు గనుల వైపు దారి దిగుతుంది.

మెట్ట నేల, జొన్నచేలు, గుట్టలు, గుట్టల నడుమ చెరువులు. ఆ చెరువులే లేకపోతే ఈ దారే లేదు. ఎడ్లబండ్లు, వేల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకెళ్ళే లంబాడీల బిడారులు దిగడానికి నీళ్ళున్న చోటే మజిలీ. బందరు నుంచి పైకి గుర్రాలు, ఉప్పు, సుగంధ ద్రవ్యాలు, ఇరాన్ మనుషులు. పైనుంచి కిందికి అద్దకం బట్టకు నూలు, నీలిమందు, ఉక్కు, వజ్రాలు. గోల్కొండ ధనమంతా ఈ మెట్టల మీదుగానే కదిలింది.

సత్రంలో బతుకు ఎలా ఉండేదో టావెర్నియే దగ్గరగా చూపిస్తాడు. గోల్కొండకు కాస్త దూరంలో, హయత్‌నగర్‌కు ముందు మజిలీలో తోటలున్న పెద్ద ఇళ్ళు చూశాడు. సాయంత్రం అయ్యేసరికి అక్కడ దిగిన పేద బాటసారులకు రొట్టె, అన్నం, వండిన కూరగాయలు పంచేవారు. ఒకరు వండింది ఇంకొకరు తినని హిందువులు కూడా ఉంటారు కదా. వాళ్ళకు పిండి, కాస్త వెన్న విడిగా ఇచ్చేవారు. వాళ్ళు అక్కడే రొట్టె కాల్చుకుని, రెండు వైపులా కరిగిన వెన్న పూసుకుని తినేవారని రాశాడు. నాలుగు వందల ఏళ్ళ నాటి పొగ, వెన్న వాసన ఆ రెండు మాటల్లో నాకు తగులుతుంది. మతాలు కలిసి బతికాయని పెద్ద మాటలు చెప్పే పుస్తకాల కన్నా ఈ పిండి కొలత ఎక్కువ చెబుతుంది. ఎవరి ఎంగిలి వారిదే, ఎవరి పట్టింపు వారిదే. ధర్మం పెట్టే చెయ్యి ఆ పట్టింపును ముందే లెక్కలో వేసుకుంది.

హయత్‌నగర్ మసీదు, సరాయి ఇదే పద్ధతిలో వెలసినవి. అయిదు కమానుల మసీదు, దాని ముందు విశాలమైన ఆవరణ, ఆవరణ చుట్టూ బాటసారుల గదులు. రాత్రి తలుపు మూస్తే దొంగల భయం లేదు. పొద్దున్నే హాథీ బౌలిలో నీళ్ళు తోడుకుని పశువులకు పట్టి బయలుదేరితే పంతంగి వైపు దారి.

అయితే ఈ ధర్మానికి డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. గోల్కొండలో పన్నుల వసూలును వేలం వేసేవారు. ఎక్కువ పాడినవాడికి ఇజారా. పాడినవాడు ఆ సొమ్ముకు లాభం కలిపి కింద ఊళ్ళ నుంచి పిండుకోవాలి. ఆ కాలంలో బందరులో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు మెథ్‌వోల్డ్ ఒక భయంకరమైన సంగతి రాశాడు. పాడిన సొమ్ము పూర్తిగా కట్టలేకపోయిన బందరు అధికారిని, అతను బ్రాహ్మణుడు, బెత్తాలతో వీపు మీద, పాదాల మీద, పొట్ట మీద కొట్టి చంపారట. అధికారి గతే అదైతే అతని కింద కరణం, కరణం కింద జొన్నచేను రైతు సంగతి ఊహించుకోవచ్చు. సత్రంలో వెన్న, ఇజారాదారు బెత్తం ఒకే ఖజానా నుంచి వచ్చాయి.

నూనె వ్యాపారి కొడుకు

ఈ బాట మీదే ఒకడు రాజ్యాన్ని మించి ఎదిగాడు. మీర్ ముహమ్మద్ సయీద్. ఇరాన్‌లో ఇస్ఫహాన్ దగ్గరి అర్దిస్తాన్‌లో నూనె వ్యాపారి ఇంట పుట్టి, గుర్రాల బేరగాళ్ళ వెంట గోల్కొండ చేరి, వజ్రాల వ్యాపారంలో ఆరితేరి, బందరు మీద పెత్తనం సంపాదించాడు. చివరికి అబ్దుల్లా దర్బారులో మీర్ జుమ్లా అనే మంత్రి పదవికెక్కి, ఆ పేరుతోనే నిలిచాడు. కడప సీమ మీదుగా కర్ణాటకం గెలిచాడు. గండికోట చేజిక్కించుకున్నాడు. సొంత సైన్యం, సొంత ఫిరంగులు, సొంత ఓడలు. టావెర్నియే 1652లో గండికోటలో అతన్ని కలిసినప్పుడు గుడారంలో నేల మీద కూర్చుని ఉన్నాడు. కాలివేళ్ళ సందుల్లో కాగితాలు, ఎడమచేతి వేళ్ళ సందుల్లో కాగితాలు. ఒకసారి కాలి నుంచి, ఒకసారి చేతి నుంచి ఒక్కో కాగితం తీసి జవాబు చెప్పి రాయిస్తున్నాడట. ఇలాంటివాణ్ణి నౌకరుగా పెట్టుకున్న రాజుకు నిద్ర పట్టదు.

మీర్ జుమ్లాకు, రాజమాతకు సంబంధం అంటగట్టి బెర్నియే అనే ఇంకో ఫ్రెంచివాడు కబుర్లు రాశాడు. ఆమెకు పెళ్ళయింది 1607లో. కబురు నాటికి నలభై ఏళ్ళు దాటాయి. రాజకీయం చేసే ఆడమనిషి కనపడితే దాన్ని పడకటింటి కథగా మార్చకపోతే కొందరికి తోచదు, అంతే.

1655 నవంబరులో మీర్ జుమ్లా కొడుకు ముహమ్మద్ అమీన్ తప్పతాగి దర్బారుకు వచ్చి, సుల్తాను తివాసీ మీదే పడి నిద్రపోయి, దాన్ని పాడు చేశాడు. అబ్దుల్లాకు ఓపిక నశించి అతన్ని, ఇంటివాళ్ళను ఖైదు చేయించాడు. అప్పటికే మొగలులతో లోపాయికారీగా మాట్లాడుకుంటున్న తండ్రికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. దక్కన్ సుబేదారుగా ఔరంగాబాద్‌లో కూర్చున్న ఔరంగజేబుకూ అక్కర్లేదు. 1636లో షాజహాన్‌కు లొంగి గోల్కొండ ఏటా రెండు లక్షల హొన్నులు కప్పం కట్టేందుకు ఒప్పుకుంది. హొన్ను విలువ నాలుగు రూపాయల నుంచి అయిదుకు పెరిగింది కనుక ఇన్నేళ్ళ తేడా ఇరవై లక్షలు కట్టమని ఔరంగజేబు ముందే మెడ మీద కూర్చున్నాడు. మారకం రేటు మీద యుద్ధానికి దిగడం అప్పటికే ఉందన్నమాట.

ముసుగులో బేరం

1656 జనవరిలో ఔరంగజేబు పెద్దకొడుకు ముహమ్మద్ సుల్తాన్ సైన్యంతో హైదరాబాదు మీద విరుచుకుపడ్డాడు. అబ్దుల్లా నగరం వదిలి రాత్రికి రాత్రి గోల్కొండ కోటలో దూరాడు. నగరం దోపిడీ అయింది. మహళ్ళు, గ్రంథాలయం, తివాసీలు దొరికినంత దోచారు. ఫిబ్రవరి మొదట్లో ఔరంగజేబే వచ్చి కోటను చుట్టుముట్టాడు. లోపలినుంచి నగల పెట్టెలు, ఏనుగులు, గుర్రాలు కానుకలుగా వెళ్ళాయి. ముట్టడి మాత్రం సడలలేదు. కోటను కలిపేసుకోవాలన్నది ఔరంగజేబు పట్టు. ఢిల్లీలో దారా షికో మాట విని షాజహాన్ వద్దంటున్నాడు.

అప్పుడు రాజమాత కోట దాటింది. కొడుకు శత్రువు ముందుకు రాలేడు. వస్తే బందీయే. ముసలి తల్లిని బందీ చేస్తే మొగలులకే తలవంపు. ఆ లెక్క ఆమెకు తెలుసు. ఔరంగజేబు మేనమామ షాయిస్తా ఖాన్ ఎదురు వెళ్ళి మర్యాదగా తోడుకొచ్చాడు. ఆమె నజరానా పెట్టి, కొడుకు తప్పు మన్నించమని అడిగింది. షరతులు తేలాయి. కోటి రూపాయలు కట్టాలి. అబ్దుల్లా కూతుళ్ళలో ఒకరిని ముహమ్మద్ సుల్తాన్‌కు ఇవ్వాలి. ఉత్తరాన రామగిరి ప్రాంతం వదులుకోవాలి. అబ్దుల్లాకు కొడుకులు లేరు కనుక అల్లుడే వారసుడన్న రహస్య ఒప్పందం కూడా ఉందంటారు. మార్చి 30న ముట్టడి ఎత్తేశారు. ఏప్రిల్ మొదట్లో పెళ్ళి జరిగిపోయింది.

ఇరాన్ అడిగితే ఆమె పెళ్ళితో తండ్రి తప్పించుకున్నాడు. మొగలులు అడిగితే మనవరాలి పెళ్ళితో ఆమె కొడుకును గట్టెక్కించింది. యాభై ఏళ్ళ తేడాలో బేరం తీరు మారలేదు, బేరం చేసే చెయ్యి మారింది. రాజ్యానికి ఇంకో ముప్పై ఒక్క ఏళ్ళ ఆయుష్షు దక్కింది. షాజహాన్ తర్వాత పాతిక లక్షలు తగ్గించాడు. మిగతా సొమ్ము ఎవరి గింజల నుంచి వచ్చిందో పైన చెప్పిన ఇజారా లెక్కే చెబుతుంది.

హయత్ బక్షీ 1667లో కన్నుమూసింది. గోల్కొండ సమాధుల తోటలో సుల్తానుల గోపురాల సరసన, వాటికి తీసిపోని ఎత్తులో ఆమెకు గోపురం లేచింది. పక్కన పెద్ద మసీదు. గద్దె మీద కూర్చోని మనిషికి అంత కట్టడం ఆ తోటలో మరొకటి చూపడం కష్టం.

ఆమె పోయేనాటికి ఇంటి సమస్య మళ్ళీ మొదటికొచ్చింది. అబ్దుల్లాకు మగసంతానం లేదు. ముహమ్మద్ సుల్తాన్ తండ్రి మీదే తిరగబడి గ్వాలియర్ కోటలో చెర అనుభవిస్తున్నాడు. ఇంకో అల్లుడు నిజాముద్దీన్ అహ్మద్ గద్దె తనదేనని లెక్క వేసుకుంటున్నాడు. మూడో కూతురికి సయ్యద్ సుల్తాన్ అనే వరుణ్ణి ఖాయం చేశారు. తీరా పెళ్ళి బాజాలు మోగే వేళకు అల్లుళ్ళ పంతాలతో ఆ సంబంధం చెడింది. ముహూర్తం తప్పిపోకూడదని, షా రాజూ అనే సూఫీ గురువు దగ్గర ఏళ్ళ తరబడి కాలం వెళ్ళబుచ్చుతున్న ఒక దూరపు చుట్టాన్ని వెతికి పట్టుకొచ్చి, స్నానం చేయించి, పెళ్ళిబట్టలు కట్టి పీటల మీద కూర్చోబెట్టారు. అతని పేరు అబుల్ హసన్. తానీషాగా మనకందరికీ తెలిసిన ఆ పెళ్ళికొడుకు, అతని వెంట దర్బారులోకి నడిచొచ్చిన అక్కన్న మాదన్నలు వచ్చే భాగంలో.